మారిషస్ దక్షిణ తీరం నుంచి నాన్నకు

రోజ్ హిల్, మారిషస్
ఆదివారం

నాన్నకు,

ఇక్కడ నేను క్షేమం. అమ్మ పంపిన ఆవకాయ సగం మా ఆఫీసు వాళ్ళే ఖాళీ చేశారు. ఈ సంగతి అమ్మకి చెప్పకండి, మళ్ళీ పార్సిల్ కడుతుంది.

మొన్న ఫోన్లో అడిగారు కదా, "సముద్రం ఒడ్డునే అన్ని హోటళ్ళు ఉన్నాయంటున్నావు, అలలు వాటినేం చెయ్యవా?" అని. అప్పుడేదో చెప్పి తప్పించుకున్నాను. నిన్న పొద్దున్నుంచి చీకటి పడేదాకా నైరుతి మూల నుంచి దక్షిణం కొసదాకా ఒడ్డు పట్టుకుని తిరిగాం. మీరు అడిగినదానికి జవాబు నాకు కొండ మీద కనిపించింది. ఫోన్లో చెబుదామంటే సగంలో అమ్మ లాక్కుంటుంది, అందుకే రాస్తున్నాను.

ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయి, వాళ్ళన్నయ్య, నేను. కారు అతనిదే. వాళ్ళది ఇక్కడి తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన ఇక్కడి భాష క్రియోల్, పూజ దగ్గర మాత్రం తెలుగు. వాళ్ళ పూర్వీకులు కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి వచ్చారట. మా ఉప్పాడ నుంచి కాకినాడ దాటితే కోరంగే అంటే ఆ పిల్ల నమ్మలేదు. తన లెక్కలో కోరంగి ఎక్కడో తాతముత్తాతల కాలంలో ఉంది గానీ, ఇప్పటికీ బస్సు వెళ్ళే ఊరని అనుకోలేదు.

ముందు లె మోర్న్ కొండ ఎక్కాం. ఎత్తు 556 మీటర్లు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల మీద నల్లరాయి నిటారుగా లేచి ఉంటుంది. మొదట్లో విశాలమైన బాటే. సగం దాటాక మాత్రం రాళ్ళు పట్టుకుని, చేతులూ కాళ్ళూ రెండూ వాడి పాకాలి. నా మోచేతులు గీసుకుపోయాయి, కంగారు పడకండి. ఒకప్పుడు తోటల నుంచి పారిపోయిన బానిసలు ఈ కొండలో దాక్కునేవారు. 1835లో బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సిపాయిలు వస్తే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని ఇక్కడ చెప్పుకుంటారు. నోటి మాటగా వచ్చిన కథ. 2008లో యునెస్కో ఈ చోటుని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ బానిసలు విడుదలయ్యాక తోటల్లో చెరకు నరకడానికి ఓడల నిండా తెచ్చింది మన దేశం కూలీలనే. ఆ అన్నయ్య ఇది చెప్పి, "మీ చెప్పులు జాగ్రత్త, ఇక్కడ జారుతుంది" అన్నాడు. ఈ కొండ కింద పెరిగినవాళ్ళకి అది ఎప్పుడూ వింటున్న కథే అయ్యుంటుంది.

ఇక మీ ప్రశ్న. పైనుంచి చూస్తే ఒడ్డు దగ్గర నీళ్ళు లేత నీలం, చాలా దూరం అంతే. దాని చివర తెల్లటి నురగ గీత. గీత దాటితే ఒక్కసారిగా ముదురు నీలం. ఆ గీత దగ్గరే నీళ్ళ కింద పగడాల గట్టు ఉంది. దాదాపు దీవి చుట్టూ ఉంది. పెద్ద అలలన్నీ అక్కడే తల కొట్టుకుని విరిగిపోతాయి. ఒడ్డుకి వచ్చేసరికి వాటిలో బలం ఉండదు. హోటళ్ళు నిలబడింది ఆ గట్టు చలవ వల్లే, మనుషులు కట్టిన గోడల వల్ల కాదు. గోదావరి ఒండ్రు వచ్చి చేరే మన తీరంలో పగడం బతకదు, అంచేత అలలు ఊరిని కోసుకుపోకుండా మనకి ఒడ్డున రాళ్ళు పోసుకోవడమే మిగిలింది. ఇక్కడైనా ఏరు వచ్చి కలిసే చోట గట్టుకి గండి పడి ఉంటుంది. మంచినీళ్ళు, మట్టి తగిలితే పగడం పెరగదు కదా. పడవలు బయటికి వెళ్ళేది ఆ గండ్లలోంచే, ఈతగాళ్ళని లాక్కుపోయేదీ అక్కడే.

కొండ దిగి కిందనే ఉన్న బీచ్‌లో ఈత కొట్టాం. నీళ్ళలోకి దిగేముందు రబ్బరు బూట్లు వేసుకోమన్నారు. అడుగున ముళ్ళ జీవులు ఉంటాయి, గుచ్చుకుంటే ముల్లు లోపలే విరుగుతుంది. ఇసుక అరచేతిలోకి తీసుకుని చూశాను. మట్టి ఆనవాలే లేదు. అంతా అరిగిపోయిన గవ్వల ముక్కలు, సన్నటి పగడపు పుల్లలు, మధ్యలో ఒకటీ అరా గులాబీ రంగు తునకలు. ఎండలో నడిచినా కాలు కాలదు. (ఇక్కడిప్పుడు చలికాలం కూడాలెండి.) ఒడ్డంతా సరుగుడు చెట్లు. వాటి కింద చాపలు పరుచుకుని, గిన్నెలు దించుకుని కుటుంబాలకి కుటుంబాలే కూర్చుని ఉన్నాయి. పక్కనే ఖరీదైన హోటల్ ఉన్నా సరే, చట్టం ప్రకారం తడి ఇసుక మీద నడవడానికి అందరికీ హక్కుంది, ఎవరూ లేవమనరు. ఈ ఒక్క విషయంలో ఈ దేశాన్ని మెచ్చుకోవాలి.

బండి దగ్గర ధోల్ పూరీ తిన్నాం. శనగపప్పు పొడి లోపల పెట్టి వత్తుతారు, బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి. చిక్కుడు గింజల కూర, పచ్చిమిర్చి పచ్చడి రాసి రెండేసి కలిపి చుట్టి ఇస్తారు. మీకు నచ్చుతుంది. అమ్మకి నచ్చదు.

అక్కడి నుంచి రోడ్డు సముద్రాన్ని ఒరుసుకుంటూ వెళుతుంది. మకొండే అనే చోట రాతి ముక్కు మీదకి మెట్లు కట్టారు, ఎక్కితే గాలికి నిలబడలేం. ఆ పక్క బే ద్యు కాప్ దగ్గర 1803లో మాథ్యూ ఫ్లిండర్స్ అనే ఇంగ్లీషు నావికుడు ఓడ బాగాలేక ఆగాడట. అప్పుడు దీవి ఫ్రెంచి వాళ్ళది, గూఢచారి అనుకుని ఆరేళ్ళకి పైగా కదలనివ్వలేదు. నా కాంట్రాక్టు దానికంటే తక్కువే, అమ్మకి చెప్పండి.

అన్నిటికంటే నాకు నచ్చింది చివరిది, సుయ్యాక్ ఊరి చివర గ్రీ గ్రీ. అక్కడ పగడపు గట్టు లేదు. సముద్రం నేరుగా వచ్చి నల్లరాతి కొండచరియని కొడుతుంది. ఈతకి దిగొద్దని బోర్డు పెట్టారు. గడ్డి మీద నడుస్తూ చివరికి వెళితే ఏడ్చే రాయి అని ఒక చోటుంది. అల వచ్చి కొట్టి వెనక్కి పోతుంది, తర్వాత చాలాసేపు రాతి మొహం మీద నుంచి నీళ్ళు ధారలుగా జారుతూనే ఉంటాయి. అవి ఆగేలోపు ఇంకో అల. ఆ చప్పుడు, మొహం మీద పడే ఆ ఉప్పు తుంపర, పొద్దున్నుంచీ చూసిన నీలం నీళ్ళలో ఎక్కడా లేవు. ఇదీ సముద్రమంటే అనిపించింది. ఆ పిల్ల ఫోటో కోసం అంచున సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. "ఇటు తిరుగు!" అని తెలుగులో అరిచేశాను, అచ్చం మీరు నన్ను అరిచినట్టే. అర్థమయిందో, నా గొంతుకి భయపడిందో, గబుక్కున వెనక్కి వచ్చేసింది.

అయితే ఆ గట్టుంది కదా అని వీళ్ళు నిశ్చింతగా లేరు. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చచ్చిపోతున్నాయి. కొన్ని బీచ్‌లు ఇక్కడా కోసుకుపోతున్నాయి, సరుగుడు వేళ్ళు బయటపడి ఉండటం నేనే చూశాను. ఊళ్ళో మన వీధి చివర సముద్రం ఎంతవరకు వచ్చిందో ఈసారి ఫోటో తీసి పంపండి. బీచ్ రోడ్డు బాగు చేశారా? పిన్ని వాళ్ళు ఇల్లు మారతామన్నారు, మారారా?

ఒక మాట. మనవాళ్ళకి ముందుగా వీసా అక్కర్లేదు, విమానం దిగాక ఇస్తారు. తుఫాన్లు ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా, ఆ మూడు నెలలూ వదిలేద్దాం. ఉగాదికి ఇక్కడ సర్కారు సెలవు ఉంటుంది, తెలుగు గుళ్ళలో సందడి చేస్తారు. అయినా మీకు అక్టోబరు నయం, మరీ వేడిగా ఉండదు. మీ మోకాలి సంగతి డాక్టరుకి చూపించి, ఏమన్నారో చెబితే టికెట్లు నేను చూస్తాను. కొండెక్కే పని పెట్టను, గ్రీ గ్రీ దాకా కారే వెళుతుంది.

మీ
చిన్ని