ఉక్కు అంచనాల్లో మనుషుల లెక్క ఏది?

సంపాదకులకు,

అయ్యా,

కడప ఉక్కు కర్మాగారం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఖనిజం ఎక్కడి నుంచి తేవాలి, గండికోట జలాశయం నుంచి ఎంత నీరు ఇవ్వాలి, ఏటా 30 లక్షల టన్నుల ఉక్కు తీయగలమా అనే లెక్కలే వినిపిస్తాయి. ఈ జిల్లాలో ఉక్కు కర్మాగారానికి గల సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ పరిశీలించాలని 2014 పునర్విభజన చట్టం చెప్పింది. దానికి ముందు 2007లోనూ, తర్వాత 2018, 2019, 2023 సంవత్సరాల్లోనూ జమ్మలమడుగు ప్రాంతంలోనే శంకుస్థాపనలో, భూమిపూజలో జరిగాయి. ఇన్నిసార్లు ఆశపడిన జనం మనసులో వచ్చిన మార్పును మాత్రం ఎవరూ అంచనాలోకి తీసుకోవడం లేదు.

నేను చాలా ఏళ్లు ఐటీఐలో వెల్డింగ్ నేర్పినవాణ్ణి. 2018 డిసెంబరులో శంకుస్థాపన జరిగినప్పుడు నా శిష్యుడొకడు చేతికందిన కువైట్ వీసాను వదులుకొని, ఉద్యోగం ఇంటి ముంగిటికే వస్తుందని ఊళ్లో ఆగిపోయాడు. మూడేళ్లపాటు ఇళ్ల గేట్లు, కిటికీ గ్రిల్లులు అతికి, చివరకు తల్లి కమ్మలు తాకట్టు పెట్టి ఏజెంటుకు డబ్బు కట్టి వెళ్లిపోయాడు. నిరుడు సెలవు మీద వచ్చినప్పుడు, ఫ్యాక్టరీ మొదలైతే వస్తావా అని అడిగాను. "పొగగొట్టం కనపడినాక చెప్పండి సార్" అన్నాడు. స్థానికంగా నిపుణులు దొరుకుతారని రాసే నివేదిక ఈ మాటను పట్టించుకోకపోతే తప్పుతుంది, ఎందుకంటే సర్టిఫికెట్లు ఇక్కడున్నా ఆ చేతులు గల్ఫ్‌లో ఉన్నాయి.

భారీ పరిశ్రమకు పట్టే కాలమూ చిన్నది కాదు. విశాఖ ఉక్కుకు 1971లో శంకుస్థాపన జరిగితే జాతికి అంకితమైంది 1992లో. తొలినాడు ఇరవై ఐదేళ్ల వయసున్న నిర్వాసితుడికి అప్పటికి నలభై ఆరేళ్లు. భూమి ఇచ్చిన తరానికీ ఉద్యోగం అందుకునే తరానికీ మధ్య ఇంత ఎడం ఉంటుందని ముందే గుర్తించి, ఆ మధ్యకాలానికి ఆధారం చూపాలి. డీకేటీ పట్టాల (పేదలకు సాగు కోసం ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టాల) మీద బతికేవారు, బంజర్లలో గొర్రెలు మేపుకునేవారు, కాంట్రాక్టు పనుల్లోనైనా చోటు దొరుకుతుందో లేదో తెలియని ఆడవాళ్లు ఈ లెక్కలో ముందుండాలి.

కాబట్టి ఇకపై తయారయ్యే ప్రతి నివేదికలోనూ శిక్షణ పొందినవారు ఎక్కడున్నారు, ఏ జీతానికి, ఏ హామీకి తిరిగొస్తారు అన్నది ఇంటింటి సర్వేతో తేల్చి రాయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఐటీఐల ప్రవేశ రిజిస్టర్లలో చిరునామాలన్నీ ఉన్నాయి. సర్వేకు పూనుకుంటే ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఊళ్లకు నేను స్వయంగా వెళ్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.