కచేరీ టేపులు ఎక్కిస్తాం, కాపీలు మాత్రం ఇక ఇవ్వం

మా విజయవాడ దుకాణానికి ఏళ్ల తరబడి క్యాసెట్లు, స్పూళ్లు తెస్తున్న రసికులకు రెండు సంగతులు చెప్పాలి. వేసవిలో మేం టేపుల నుంచి కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చిన కొన్ని ఫైళ్లలో తంబూరా శ్రుతి నిలకడగా లేదు, ఊగుతోంది. వాటిని పైసా తీసుకోకుండా మళ్లీ ఎక్కిస్తున్నాం. రెండోది, ఒకరి టేపులో ఉన్న కచేరీని ఇంకొకరికి కాపీ తీసి ఇవ్వడం మానేశాం. రేట్లు, వేళలు ఎప్పటివే.

ముందు తంబూరా సంగతి. క్యాసెట్ డెక్కులో టేపును లాగేది క్యాప్‌స్టన్ అనే సన్నటి కడ్డీ. టేపును దానికి ఒత్తిపట్టేది పించ్ రోలర్, అంటే రబ్బరు చక్రం. మాకు ఎప్పటి నుంచో రోలర్లు పంపే సరఫరాదారు ఈసారి పంపిన సరుకులో రబ్బరు తొడుగు లోపలి బుష్‌కి, అంటే నడిమి గొట్టానికి, సరిగ్గా అతుక్కోలేదు. కొత్తగా బిగించినప్పుడు 3150 హెర్ట్జ్ స్వరం ఒక్కటే ఉన్న పరీక్ష టేపు పెట్టి కొలిస్తే ఊగు, అంటే వేగంలో హెచ్చుతగ్గు, 0.1 శాతం లోపే వచ్చింది. గంటలకొద్దీ తిరిగి, బెజవాడ ఎండకి వేడెక్కాక తొడుగు ఒక పక్కకి జరిగింది. 13 మిల్లీమీటర్ల రోలర్ చుట్టుకొలత 41 మిల్లీమీటర్లు. క్యాసెట్ టేపు సెకనుకు 47.6 మిల్లీమీటర్లు నడుస్తుంది. అంటే రోలర్ సెకనుకు ఒక చుట్టు కంటే కాస్త ఎక్కువే తిరుగుతుంది, చుట్టు చుట్టుకీ శ్రుతి ఒకసారి పైకీ కిందకీ కదులుతుంది. సినిమా పాటలో ఇది చాలామందికి తెలియదు. కచేరీలో ఆధార షడ్జమం ఆపకుండా మోగుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ దాగదు.

సరఫరాదారు ఇచ్చిన జవాబు మాత్రం 'మీ డెక్కులు పాతబడ్డాయి' అని. పాతవే, కాదనం. అవే డెక్కుల్లో వాడి తీసిన పాత రోలర్ వేస్తే కొలత మళ్లీ 0.1 లోపలికి వస్తోంది. ఈ లెక్క రాసి పంపాం. సరుకు వెనక్కి తీసుకోలేదు, డబ్బూ ఇవ్వలేదు. ఇక అక్కడి నుంచి ఒక్క బెల్టు కూడా తెప్పించం, ఎంత చవగ్గా ఇస్తామన్నా సరే. ఇప్పుడు పాత బుష్‌ల మీదే ఆటోనగర్‌లో రబ్బరు వేయించి, లేతు మీద సాన పట్టించి, డయల్ గేజి పెట్టి చూసుకుంటున్నాం. వంకర 0.02 మిల్లీమీటర్లు దాటిన రోలర్ పక్కన పడేస్తాం. ఖర్చు ఎక్కువే, అది మీ బిల్లులోకి రాదు.

మీ ఫైలు బాగుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గాయకులు నోరు విప్పకముందు తంబూరా ఒక్కటే వినిపించే చోటు పట్టుకుని, ఇయర్‌ఫోన్‌తో అర నిమిషం వినండి. ఊగు సమానమైన విడిదితో, సెకనుకు ఒకసారికి కాస్త పైగా వస్తుంటే అది మా రోలర్ తప్పే, టేపు మళ్లీ తీసుకురండి. అంతకంటే చాలా నెమ్మదిగా శ్రుతి జారిపోతుంటే, మీరు అసలు రికార్డు చేసిన రోజున టేప్‌రికార్డర్ బెల్టు సాగి ఉండవచ్చు, లేదా బ్యాటరీలు దిగిపోయి ఉండవచ్చు. అది టేపులోనే ఉంది.

'సాఫ్ట్‌వేర్‌తో సరిచేసి పంపండి, టేపు మళ్లీ తేవడం ఎందుకు' అని కొందరు అడిగారు. చెయ్యం. ఆ సాఫ్ట్‌వేర్ నిలకడగా ఉండాల్సిన స్వరం కదులుతుంటే దాన్ని చదును చేస్తుంది. తోడి రాగంలో గాంధార స్వరానికి కదలికే ప్రాణం. కంపితాన్ని, అంటే గాయకులు కావాలని ఊపే ఆ గమకాన్ని, టేపు ఊగు అనుకుని ఇస్త్రీ చేసేస్తే మిగిలేది తోడి కాదు.

మేం సరిచేసేది మొత్తం వేగాన్ని మాత్రమే. టేపు 6 శాతం వేగంగా నడిస్తే శ్రుతి అర కట్ట, అంటే ఒక స్వరస్థానం, పెరుగుతుంది, ఒకటిన్నర శ్రుతిలో పాడే ఆయన రెండులో పాడినట్టు వినిపిస్తాడు. టేపులో వినిపించే కరెంటు గీ శబ్దం 50 హెర్ట్జ్ కదా, దాన్ని కొలతగా పెట్టుకోమని సలహా ఇస్తారు. ఆ రోజుల్లో మన గ్రిడ్ 49 కిందకి కూడా దిగేది, నమ్మలేం. గాయకుల మామూలు శ్రుతి, వయొలిన్ వాద్యం గొంతు, తని ఆవర్తనంలో (తాళవాద్యం ఒంటరిగా వాయించే భాగం) మృదంగం వలంతల, అంటే కుడి ముఖం, మోత, మూడూ కలిసొచ్చిన చోట వేగం ఆపుతాం. సందేహం ఉంటే ముట్టుకోని ఫైలు కూడా ఇస్తాం.

ఇక కాపీల సంగతి. దీని మీదే ఎక్కువ తర్జనభర్జన పడ్డాం.

మా దగ్గర ఒక కస్టమర్ కోసం ఎక్కించిన కచేరీ, ఇంకొకరు కాపీ అడిగి తీసుకెళ్లాక, యూట్యూబ్‌లో తేలింది. ఫైలు పేరులో మా జాబ్ నంబరు అలాగే ఉంది. అదే కచేరీని ఒక కంపెనీ అంతకుముందే అధికారికంగా విడుదల చేసింది, వాళ్ల కాపీరైట్ క్లెయిమ్ పడింది. దాని వెంటే 'విద్వాంసుల పాట అమ్ముకుంటున్నారట కదా' అన్న మాటా వచ్చింది. మేం పాటకి ఎన్నడూ ధర కట్టలేదు. డెక్కు తిరిగిన గంటకి కూలి తీసుకున్నాం, 45 నిమిషాల అరుపులున్న టేపుకైనా, పల్లవి ఉన్న టేపుకైనా అదే రేటు. అయినా ఆ మాట పడ్డాక ఇదివరకటిలా నడపడం మా వల్ల కాదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు మన కాపీరైట్ చట్టంలోకి వచ్చింది, ఇప్పుడది కచేరీ జరిగిన మరుసటి ఏడాది మొదలు నుంచి 50 ఏళ్లు. రేడియో ప్రసారానికి ప్రసార సంస్థ హక్కు 25 ఏళ్లు. సొంతంగా వినడానికి ఎవరికి వారు రికార్డు చేసుకుంటే 39వ సెక్షన్ ప్రకారం ఈ రెండు హక్కులకూ భంగం కాదు. ఆ మినహాయింపు చేసుకున్నవారి సొంత వాడకానికే, పదిమందికి పంచడానికి కాదు. ఇంకో చిక్కు: గాయకుల ఇంటివాళ్లు సరేనన్నా చాలదు, పక్కవాద్యం వాయించిన ఇద్దరూ ప్రదర్శకులే. త్యాగరాజ కీర్తన ఎవరి సొత్తూ కాదు గానీ, 2016లో కన్నుమూసిన బాలమురళీకృష్ణ గారి తిల్లానా అయితే రచన హక్కు 2076 చివరి దాకా ఉంటుంది, ఎవరు పాడినా సరే.

ఇన్ని తెలిసీ ఎందుకు తటపటాయించామంటే, కాపీలు కలిస్తేనే కచేరీ పూర్తవుతుంది. సి-90 క్యాసెట్ (పక్కకి 45 నిమిషాలు) పెట్టినాయన 45వ నిమిషంలో టేపు తిప్పాడు, ఆలాపన తర్వాత వచ్చే తానం మధ్యలో తెగింది. అదే సభలో సి-60 (పక్కకి 30 నిమిషాలు) పెట్టినావిడ 30వ నిమిషంలో తిప్పింది, ఆవిడ దగ్గర తానం నిండుగా ఉంది, అంతకుముందరి ఆలాపనలో ముక్క లేదు. ఇద్దరి టేపులూ ఒకే వేగానికి తెచ్చి అతికిస్తే రాగం తానం పల్లవి అనే ఆ పెద్ద అంశం అక్షరం పోకుండా వస్తుంది. అధికారిక విడుదలలు దీనికి బదులు కావు. 78 ఆర్‌పీఎం ప్లేటుకి పక్కకి మూడు నిమిషాల చిల్లర, ఎల్‌పీకి ఇరవై పాతిక. తర్వాత సీడీలు వచ్చి, చార్సుర్ లాంటి సంగీత కంపెనీలవాళ్లు డిసెంబరు సీజను కచేరీలే తెచ్చినా, విడుదలైనవి జరిగినవాటిలో పిడికెడే. విడుదలల్లో తని కుదించడం, నాయిస్ తీసేస్తూ వయొలిన్ కమాను గీత, తంబూరా జీర కూడా తీసెయ్యడం మామూలే. ప్రేక్షకుల టేపులో దగ్గులుంటాయి, కానీ కచేరీ ఉంటుంది. చెన్నై మ్యూజిక్ అకాడమీ ఆర్కైవులో కూర్చుని వినొచ్చు, బెజవాడ నుంచి రోజూ వెళ్లేదెవరు?

అందుకని పూర్తిగా తలుపు మూయలేదు. ఒకే కచేరీ టేపులున్న ఇద్దరు కౌంటరు దగ్గర సంతకం పెడితే అతుకుతాం, ఆ ఫైలు ఆ ఇద్దరికే. మూడో మనిషి ఎంతటి ఆప్తుడైనా ఇవ్వం, దయచేసి సిఫారసులు పంపకండి. మీ టేపులోని కచేరీ బజారులో దొరుకుతుంటే ఆ మాట ముందే చెప్తాం. పాడిన వరుస, పక్కవాద్యం పేర్లు, తని నిడివి పోల్చి చూసి చెప్తాం, ఎందుకంటే ఒకే ఏడాది ఒకే పల్లవిని నాలుగు ఊళ్లలో పాడి ఉంటారు. కంపెనీ క్యాసెట్లు, సీడీలు ఇక ఎక్కించం. అవి కొనుక్కోండి.

టేపు తెచ్చేటప్పుడు లోపలి కాగితం పారెయ్యకండి, తేదీ, సభ పేరు దాని మీదే ఉంటాయి. బూజు పట్టినవి విడి కవరులో తేండి, ఒకసారి డెక్కులో పెట్టి చూద్దామని ఇంట్లో నడపకండి, హెడ్డు నుంచి మిగతా టేపులకి అంటుకుంటుంది. హెడ్డు దగ్గరి స్పాంజి ముక్క ఊడిపోతే పర్వాలేదు, కొత్తది వేస్తాం. స్పూలు అయితే వేగం గుర్తుంటే రాయండి: 1800 అడుగుల టేపు సెకనుకు 3¾ అంగుళాల వేగంలో పక్కకి 96 నిమిషాలు, 7½లో 48.

24 బిట్, 96 కిలోహెర్ట్జ్ స్టీరియో ఫైలు గంటకి సుమారు 2 జీబీ అవుతుంది. సి-90కి 4 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది, పదికి మించి టేపులుంటే హార్డ్‌డిస్క్ తెచ్చుకోండి. మా దగ్గర మిగిలిన పాత ఫైళ్లను సంక్రాంతి తర్వాత చెరిపేస్తున్నాం. ఫైలు పోగొట్టుకున్నవాళ్లు ఆలోపు రసీదుతో వస్తే, టేపు ఎవరు ఇచ్చారో వారికి మాత్రం మళ్లీ ఇస్తాం.