మా షెడ్డులో అడుగు పెట్టకుండానే ఫిర్యాదు మూసేశారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారమండి. రాజమహేంద్రవరంలో నాకో చిన్న వడ్రంగి షెడ్డు ఉంది. మా నాన్న బాడిస, చిత్రిక పట్టిన చోటే నేను మీ కంపెనీ మెషిన్లు మూడు పెట్టుకుని తలుపులు, మంచాలు చేస్తున్నాను. ఎనిమిదేళ్లుగా మీ దగ్గర తప్ప ఇంకెక్కడా కొనలేదు. నా మాట నమ్మి మా వీధిలో ఇంకో ఇద్దరు కూడా మీ కటింగ్ మెషిన్లే తీసుకున్నారు. అలాంటి నాకు ఏడు వారాలుగా మీ వాళ్లు చూపించిన నరకం మీకు తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

విషయం చిన్నదే. చెక్క దుమ్ము పీల్చే డస్ట్ కలెక్టర్, దానికి హోస్ పైపు మీ డీలర్ దగ్గరే కొన్నాను. షెడ్డు ఇరుకు, అందుకే మెషిన్లన్నీ చక్రాల స్టాండ్ల మీద ఉంటాయి. పొడుగు చెక్క కోయాలంటే కటింగ్ మెషిన్ మధ్యకి లాగాలి, అది అయ్యాక పక్కకి నెట్టి, చెక్క నునుపు చేసే ప్లేనర్ తెచ్చి దానికి పైపు తగిలించాలి. మెషిన్ అడుగు జరిగితే చాలు, పైపు మూతి ఊడి కింద పడుతోంది. పైపు మీద 4 అంగుళాలు అని ఉంది, మెషిన్ మూతి మీద 100 మిల్లీమీటర్లు అని ఉంది. రెండూ ఒకటేనన్నాడు డీలర్. 4 అంగుళాలంటే 101.6 మిల్లీమీటర్లు. ఆ సందు పూడ్చడానికి పాత సైకిల్ ట్యూబు కోసి మూడు చుట్లు చుట్టాను, మధ్యాహ్నానికల్లా అదీ జారిపోయింది. క్లిప్పు గట్టిగా బిగిస్తే ఊడదు నిజమే, కానీ మెషిన్ మార్చిన ప్రతిసారీ స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటే నేను పని ఎప్పుడు చేసుకోవాలి?

ఇక మీ వాళ్ల సంగతి. మొదటిసారి ఫోన్ చేస్తే హిందీకి ఒకటి, ఇంగ్లిష్‌కి రెండు నొక్కమంది, తెలుగు లేదు. వచ్చీరాని హిందీలో పావుగంట చెప్పాక ఆవిడ, మెషిన్ ఆన్ అవుతోందా అని అడిగారు. అవుతోందన్నాను. అయితే సమస్య ఏంటి సర్ అన్నారు! మళ్లీ మొదటి నుంచి చెప్పాను. 48 గంటల్లో కాల్ వస్తుందన్నారు, రాలేదు. ఐదో రోజు నేనే చేస్తే వేరే అబ్బాయి ఎత్తాడు, వాడికి పాత కథేమీ తెలియదు, మళ్లీ మొదలు. పైపు యాక్సెసరీ కిందకి వస్తుంది, వాళ్లతో మాట్లాడండి అన్నాడు. వాళ్లేమో డీలర్‌ని అడగమన్నారు. డీలర్ దగ్గరికి పని మానుకుని వెళితే, అది కంపెనీ చూసుకోవాలి అన్నాడు. వీడియో పంపమంటే తీసి పంపాను, సైజు ఎక్కువని మెయిల్ తిరిగొచ్చింది. మూడు ముక్కలు చేసి పంపాను, ఇవాళ్టి దాకా జవాబు లేదు.

నాలుగో ఫోన్‌లో ఒకాయన చెప్పిన మాట నేను మర్చిపోలేను. "మెషిన్లు కదపకండి సర్, ఊడదు" అన్నారు. ఏ మెషిన్‌కైనా క్షణంలో తగిలించుకోవచ్చని మీ డబ్బా మీదే బొమ్మ వేసి ఉందండీ, అది చూసే కొన్నాను. మరి దుమ్ము సంగతేంటంటే మాస్క్ పెట్టుకోమన్నారు. చెక్క దుమ్ము క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. మాస్క్ ఒక్కటే సరిపోయేటట్టయితే మీ కలెక్టర్ నేనెందుకు కొంటాను? టేకు కోసిన రోజు మా కుర్రాడి మోచేతుల నిండా దద్దుర్లు. ఆ చేతులు చూశాకే అప్పు చేసి మరీ తెచ్చాను.

చివరికి ఒక టెక్నీషియన్ వస్తున్నాడని మెసేజ్ వచ్చింది. నేను కలప అడితికి వెళ్లిన టైంలో గేటు దగ్గరే బండి ఆపి, బిల్లు ఫొటో తీసుకుని, పని అయిపోయిందని ఒప్పుకున్నట్టు లెక్కయ్యే ఓటీపీ నా రెండో ఫోన్‌కి వస్తే, మా కుర్రాడి చేత అది చెప్పించుకుని వెళ్లిపోయాడు. లోపలికి రాలేదు, పైపు ముట్టుకోలేదు. గంటలో నాకు మెసేజ్: మీ సమస్య పరిష్కరించబడింది, రేటింగ్ ఇవ్వండి. ఆ సాయంత్రం కోపంతో నాకు అన్నం సహించలేదు. పైపు పాడైతే ఇంకోటి కొనుక్కుంటాను, ఎనిమిదేళ్ల కస్టమర్‌ని ఇలా ఓటీపీతో వదిలించుకుంటారా?

మీ మనిషి ఒక్కసారి షెడ్డులోకి వచ్చి, నేను మెషిన్ లాగుతుంటే పక్కన నిలబడి చూడాలి. పైపుని మెషిన్‌కి కలిపే సరైన కప్లింగ్ ఉంటే మూడింటికీ తెచ్చి బిగించాలి, లేదంటే కలెక్టర్‌తో సహా వెనక్కి తీసుకుని డబ్బులివ్వండి. ఏదో ఒకటి చేయండి గానీ, నా ఫిర్యాదు టికెట్ ఎవరు మూశారో, ఎందుకు మూశారో నాకు రాతపూర్వకంగా చెప్పాలి. పది రోజులు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. వ్యాపారానికి కొన్నావు కాబట్టి చెల్లదని మీ లాయర్ అనకముందే చెబుతున్నాను, సొంత కష్టంతో పొట్ట పోసుకోవడానికి కొన్నవాడు కూడా వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుడే. బిల్లు, ఆ మూడు వీడియోలు, మీ మెసేజ్‌లు అన్నీ దాచాను. మా వడ్రంగుల వాట్సాప్ గ్రూపులో కూడా పెడతాను, అందులో మీ మెషిన్లు కొనాలనుకుంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ఫోన్ చేస్తే తెలుగు వచ్చినవాళ్లతో చేయించండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని కుర్రాడికి గట్టిగా చెప్పాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్
రాజమహేంద్రవరం