రిపేరు వద్దని కూడా ఇకపై చెబుతాం

మొన్న ఒకావిడ మా రిపేరు షాపుకొచ్చి మా బిల్లులు మూడు కౌంటర్ మీద వరసగా పరిచారు. మూడూ ఒకే వాషింగ్ మెషీన్‌వి. మొదట నీళ్లు బయటికి తోసే పంపు, తర్వాత మెషీన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు, ఇప్పుడు డ్రమ్ము సాఫీగా తిరగడానికి ఉండే బేరింగ్. మొత్తం కలిపితే కొత్త మెషీన్ ధరకు దగ్గరగా ఉంది.

"మొదటిసారే చెప్పొచ్చు కదండీ?" అన్నారు.

చెప్పొచ్చు. ఆ మెషీన్‌కు తొమ్మిదేళ్లు నిండాయని మాకు తెలుసు. పంపు మార్చిన రోజే డ్రమ్ము చేత్తో తిప్పితే గరగరమంది. నీళ్లను ఆపే రబ్బరు సీలు పోయి, నీళ్లు బేరింగ్‌లోకి దిగి తుప్పు పట్టిందన్నమాట. ఆ మోడల్‌లో టబ్బు రెండు సగాలనూ అతికించేస్తారు కాబట్టి బేరింగ్ ఒక్కటే మార్చడం కుదరదు, టబ్బు సెట్టు మొత్తం వేయాలి. అడిగింది పంపు గురించే కదా అని ఊరుకున్నాం. తప్పు మాదే. మూడో బిల్లులో లేబర్ చార్జీ వెనక్కి ఇచ్చేశాం.

అందుకే ఈ నెల నుంచి ప్రతి బిల్లు కింద వస్తువు వయసు, తర్వాత ఏది పోయేలా ఉందో రాసి ఇస్తాం. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటి, వస్తువు కూడా సగం ఆయుష్షు దాటేసి ఉంటే "వద్దండీ" అంటాం. మాకు పని కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.

కొత్తదానికి డబ్బు ముందే కూడబెట్టుకోవాలంటే ఏది ఎన్నాళ్లు వస్తుందో తెలియాలి. ఫ్రిజ్, ఏసీ సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లు, వాషింగ్ మెషీన్ పదేళ్ల దాకా, ట్యాంకున్న గీజర్ 8 నుంచి 12 ఏళ్లు వస్తాయి. వాడకాన్ని బట్టి, నీళ్లను బట్టి మారుతుంది. మీ ఫ్రిజ్‌కు ఎనిమిదేళ్లనుకోండి. పన్నెండేళ్లు వస్తుందని లెక్కేస్తే మిగిలింది 48 నెలలు. కొత్తదాని ధరను 48తో భాగించి నెలనెలా అంత పక్కన పెట్టడమే. అన్నిటికీ కలిపి ఒకే ఖాతా చాలు.

ఒక చిక్కుంది. కాపురం పెట్టినప్పుడు అన్నీ ఒకేసారి కొన్నవాళ్లకు అన్నీ ఇంచుమించు ఒకేసారి మూలన పడతాయి. అలాంటివాళ్లు ముందే మొదలుపెట్టాలి, లేదా ఇంకా నడుస్తుండగానే ఒకదాన్ని మార్చేయాలి.

అలాగని కంగారుపడి కొనేయకండి. ఏసీ చల్లబరచకపోతే చాలాసార్లు పోయేది మోటారు తిరగడానికి సాయపడే చిన్న కెపాసిటరే. గీజర్ ట్యాంకులో మెగ్నీషియం రాడ్ ఉంటుంది, తుప్పు ముందు దాన్నే తింటుంది. అది అరిగిపోయాక ట్యాంకు వంతు. రాడ్ సమయానికి మారిస్తే చవకలో పోతుంది, ట్యాంకు కారడం మొదలైతే మా చేతుల్లో ఏమీ ఉండదు.

ఈసారి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మెషీన్ల వెనక స్టిక్కర్లు ఫోన్‌లో ఫొటో తీసుకురండి. చాలావాటి మీద తయారైన నెల, ఏడాది ఉంటాయి. కూర్చుని లెక్క కడదాం, దానికి చార్జీ లేదు.