కనిష్ఠ ఉష్ణోగ్రతను చిన్నచూపు చూడొద్దు

సంపాదకులకు,

ఎండలు ముదిరితే పత్రికల్లో గరిష్ఠ ఉష్ణోగ్రతే పెద్దక్షరాల్లో వస్తుంది. రాత్రి వేడి ఎంతవరకు తగ్గిందో చెప్పే కనిష్ఠం ఏ మూలనో ఉంటుంది, తేమ శాతం ఊసే ఉండదు. నగరాల్లో ప్రాణం మీదికి తెచ్చేవి చాలాసార్లు ఆ రెండే. పగలంతా కాగిన కాంక్రీటు స్లాబు అర్ధరాత్రి దాటినా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది, ఒళ్లు తేరుకోవాల్సిన గంటలన్నీ అలాగే పోతాయి. రేకుల ఇల్లు ఇందుకు విరుద్ధం: మధ్యాహ్నం కొలిమి, పొద్దుగూకాక త్వరగా చల్లారుతుంది. రెంటినీ ఒకే గాటన కట్టి ఒకే మందు రాస్తే కుదరదు.

వాతావరణ కేంద్రంలో థర్మామీటరు నీడపట్టున, గాలాడే తెల్ల పెట్టెలో ఉంటుంది. ఇరుకు గదిలో పడుకున్నవాళ్ల వేడి దానికి అందదు. నగరాలపై పరిశోధన చేసేవాళ్లు ఇళ్లలోనే కొలవాలి. నేలకు మీటరు పైచిలుకు ఎత్తున, పొయ్యికీ కిటికీ ఎండకీ దూరంగా చిన్న డేటా లాగర్ వేలాడదీసి, పావుగంటకోసారి ఉష్ణోగ్రత, తేమ నమోదయ్యేలా పెట్టాలి. సులువని గోడ మేకుకు తగిలిస్తే అది గోడ వేడినే చెబుతుంది. ఎవరు ఏ గదిలో పడుకుంటారో, రాత్రి తలుపు తీసి ఉంచగలరో లేదో కూడా అడిగి రాసుకోవాలి. దొంగల భయంతో మూసిన కిటికీ సంగతి ఏ సెన్సరూ చెప్పదు.

1995 జులైలో షికాగోలో రాత్రిళ్లు కూడా తగ్గని ఉక్కపోతకు 700 మందికి పైగా పోయారు. వారిలో ఒంటరి వృద్ధులు ఎక్కువ. పక్కపక్కనే ఉండి, పేదరికంలోనూ దాదాపు సమానమైన రెండు పేటల మధ్య మరణాల్లో ఎంతో తేడా కనిపించింది. వీధిలో దుకాణాలూ జనసంచారమూ ఉన్న పేటలో తక్కువమంది చనిపోయారు. ఉష్ణోగ్రతల పటం ఎంత తరచి చూసినా ఈ తేడా దొరకదు.

స్లాబుపై తెల్లపూత మంచిదే. నాచు గీకి, కడిగి, బాగా ఆరాక రెండు పూతలు వేయాలి, దుమ్ము మీద వేస్తే పెచ్చులూడుతుంది. మురికి పట్టేకొద్దీ ఎండను తిప్పికొట్టే గుణం తగ్గుతుంది గనుక ఏటా వేసవికి ముందు కడగాలి. పథకాలు రాసేవాళ్లు పూత ఖర్చు రాసి, ఈ కడిగే ఖర్చు మరిచిపోతుంటారు. పైగా మేలంతా పై అంతస్తుకే, కింది వాటాలవాళ్లకు ఒరిగేది తక్కువ.

మీరు రోజూ వేసే పట్టికలో గరిష్ఠం పక్కనే, అదే సైజు అక్షరాల్లో కనిష్ఠమూ, ఉదయం సాయంత్రం తేమ శాతమూ వేయవలసిందిగా మనవి.

— నగర వాతావరణంపై పనిచేస్తున్న కొందరు పాఠకులు