ఎంఎస్ రోగులకు ప్రత్యేక నర్సులను నియమించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే నరాల జబ్బుతో పదకొండేళ్లుగా బతుకుతున్న రోగిని. కొత్త ఆసుపత్రి కట్టించమని గానీ, ఫలానా మందు ఉచితంగా ఇప్పించమని గానీ అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. న్యూరాలజీ విభాగాల్లో ఈ జబ్బు విషయంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులకు పోస్టులు మంజూరు చేయాలనీ, ఆ పోస్టుల్లో ఉన్నవారిని వార్డుల మధ్య తిప్పకుండా అక్కడే కొనసాగనివ్వాలనీ కోరడానికి రాస్తున్నాను.

ఈ జబ్బు గురించి మీ అధికారులు సంక్షిప్తంగా చెప్పే ఉంటారు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాలను కప్పి ఉంచే మైలిన్ పొర మీద దాడి చేస్తుంది. దెబ్బ ఎక్కడ తగిలిందన్న దాన్ని బట్టి ఒకరికి చూపు మసకబారుతుంది, ఒకరికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి, మరొకరికి మూత్రం మీద అదుపు పోతుంది. ప్రపంచవ్యాప్తంగా 28 లక్షల మందికి పైగా దీనితో జీవిస్తున్నారు. ఎక్కువ మందికి 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. పురుషుల కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. చదువు ముగించి, ఉద్యోగంలో కుదురుకుని, పిల్లల గురించి ఆలోచించే వయసులో వచ్చి, ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్లు మనిషితోనే ఉండే జబ్బు ఇది.

నేను న్యూరాలజిస్టు గారిని ఏడాదికి రెండుసార్లు చూస్తాను. ఆయన మంచి వైద్యులు, నిదానంగానే మాట్లాడతారు, అయినా బయట వరుసలో కూర్చున్నవారి మీద ఆయనకూ ఒక కన్ను ఉంటుంది. మిగిలిన 363 రోజులూ జబ్బుతో నేనూ మా ఇంటివాళ్లమే. నా విన్నపమంతా ఆ 363 రోజుల గురించే.

ఒక ఉదాహరణ చెబుతాను. జబ్బు బయటపడిన ఆరో ఏట ఒక ఉదయం లేవబోతే కాళ్లు కదలలేదు. జబ్బు తిరగబెట్టిందనుకుని అత్యవసర విభాగానికి వెళ్లాం. డ్యూటీలో ఉన్న యువ వైద్యుడు కూడా అదే అనుకున్నారు. మూడు రోజులపాటు రోజుకు ఒక గ్రాము చొప్పున మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కించారు. మూడో రాత్రి జ్వరం పెరిగింది, అప్పుడు మూత్ర పరీక్ష చేశారు, ఇన్ఫెక్షన్ ఉందని తేలింది. మైలిన్ దెబ్బతిన్న నరాల్లో, ఒంట్లో వేడి కొద్దిగా పెరిగినా సంకేతాలు మందగిస్తాయి, పాత లక్షణాలన్నీ ఒక్కసారిగా పైకి తేలతాయి. దీనికి తొలి ఆనవాలుగా, శరీర శ్రమ తర్వాత రోగుల చూపు తాత్కాలికంగా మసకబారడాన్ని జర్మన్ కంటి వైద్యుడు ఊథాఫ్ 1890లోనే గమనించి రాశారు. నాకు జబ్బు తిరగబెట్టలేదు. ఇన్ఫెక్షన్‌కు మందు ఇచ్చి ఉంటే కాళ్లు తిరిగి పనిచేసేవి. ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి ఇన్ఫెక్షన్‌ను ఇంకా పెంచగల స్టెరాయిడ్ ఇచ్చారు. ఆ యువ వైద్యుణ్ని తప్పు పట్టడం లేదు, అలాంటి రోగిని ఆయన అంతకుముందు ఎంతమందిని చూసి ఉంటారు? ఈ జబ్బు తెలిసిన నర్సు ఫోన్లో దొరికి ఉంటే మూడు ప్రశ్నలు అడిగేది: లక్షణాలు మొదలై 24 గంటలు దాటిందా, ఒళ్లు వెచ్చగా ఉందా, మూత్రానికి వెళ్లేటప్పుడు మంట ఉందా? ఆసుపత్రిలో ఒక మంచం, మా ఇంట్లో వారం రోజుల అల్లాట తప్పిపోయేవి.

మందుల సంగతికొస్తే, షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు 1868లో దీన్ని ఒక ప్రత్యేక వ్యాధిగా వివరించాక, జబ్బు నడకను మార్చే తొలి మందు ఇంటర్‌ఫెరాన్ బీటాకు 1993లో గానీ అనుమతి రాలేదు. అంటే 125 ఏళ్లు. ఆ తర్వాత మాత్రం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో క్లాడ్రిబిన్, గ్లాటిరామర్, రిటుక్సిమాబ్‌లను ఈ జబ్బుకు అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. సంతోషించవలసిన విషయమే. కానీ ఈ మందుల్లో చాలా వాటి వెనక ఏళ్ల తరబడి సాగే కాపలా ఉంది. నటలిజుమాబ్ తీసుకునేవారి రక్తంలో జేసీ వైరస్ జాడ ఉందో లేదో పదే పదే చూడాలి, ఎందుకంటే ఆ వైరస్ మెదడుకు ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ తేగలదు. ఫింగోలిమాడ్ మొదటి మోతాదు వేసుకున్నాక ఆరు గంటలపాటు గుండె వేగం గమనించాలి. అలెంటుజుమాబ్ తీసుకున్నవారికి ఆఖరి మోతాదు తర్వాత కూడా నాలుగేళ్లపాటు నెలనెలా రక్త, మూత్ర పరీక్షలు జరగాలి. టెరిఫ్లునోమైడ్ వాడే స్త్రీ గర్భం దాల్చకూడదు, దాల్చాలనుకుంటే ముందుగా ఆ మందును శరీరం నుంచి బయటికి పంపించే చికిత్స తీసుకోవాలి. ఈ తేదీలన్నీ ఎవరు గుర్తుపెట్టుకోవాలి? ఓపీలో వందమందిని చూసే వైద్యుడా, జ్ఞాపకశక్తినే దెబ్బతీయగల జబ్బున్న రోగా?

నేను సెలైన్ ద్వారా మందు ఎక్కించుకునే గదిలో ఒక సిస్టర్ ఉండేవారు. ఎవరూ ఆమెకు ఆ పని అప్పజెప్పలేదు. తనంతట తానే ఒక పొడవాటి నోటు పుస్తకంలో మా అందరి పేర్లు, పరీక్షల తేదీలు, టీకాల వివరాలు రాసుకున్నారు. సాయంత్రం డ్యూటీ దిగాక మా ఫోన్లు ఎత్తేవారు. పెళ్లి కుదిరిన అమ్మాయితో పిల్లల గురించి తలుపు వేసి మాట్లాడింది ఆమే. గర్భం చివరి నెలల్లో జబ్బు సాధారణంగా నెమ్మదిస్తుందనీ, కాన్పు తర్వాత మొదటి మూడు నెలల్లో తిరగబెట్టే అవకాశం ఎక్కువనీ, అందుకే మందు ఎప్పుడు ఆపాలో ఎప్పుడు మొదలుపెట్టాలో ముందే డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలనీ చెప్పింది ఆమే. నాలుగేళ్ల తర్వాత అందరితో పాటే ఆమెకూ వార్డు మారింది. ఆ పుస్తకం ఎవరికి ఇవ్వాలో ఆమెకు తెలియలేదు, ఎవరూ అడగలేదు. నా తర్వాతి రక్త పరీక్ష రెండు నెలలు ఆలస్యమైంది. అందులో నా మరుపు కూడా ఉంది, ఒప్పుకుంటాను. ఆ పనికి ఒక హోదా, ఒక పేరు లేకపోవడం వల్ల నాలుగేళ్ల అనుభవం ఒక్క ఉత్తర్వుతో చెదిరిపోయింది.

ఇంకొక విషయం రాయడానికి కొంచెం జంకుతున్నాను, కానీ రాయకపోతే ఈ లేఖకు అర్థం లేదు. మూత్రం, మలవిసర్జన, దాంపత్యం, దిగులు, ఈ నాలుగింటి గురించి మేం డాక్టరు గది లోపల నోరు విప్పం. మూత్రం ఆపుకోలేని భయంతో నాలాంటివాళ్లు చేసే మొదటి పని నీళ్లు తాగడం తగ్గించేయడం. దానితో మలబద్ధకం వస్తుంది, మూత్రం చిక్కబడుతుంది, ఇన్ఫెక్షన్‌కు దారి పడుతుంది, ఆ ఇన్ఫెక్షన్ కాళ్లు పడేస్తుంది. పైన చెప్పిన నా కథ అసలు అక్కడే మొదలైంది. మూత్రానికి వెళ్లి వచ్చాక లోపల ఎంత మిగిలి ఉందో చిన్న స్కానర్‌తో నిమిషంలో చూడవచ్చు. ఎక్కువ మిగులుతుంటే రోజుకు కొన్నిసార్లు సన్నని క్యాథెటర్‌తో తామే ఖాళీ చేసుకోవడం నేర్పవచ్చు. మాటలో ఇది చిన్న పనే, కానీ ఒక ఆడమనిషికి అద్దం ముందు కూర్చోబెట్టి ఓపికగా నేర్పడానికి గంట పడుతుంది, రెండు మూడుసార్లు రమ్మనాలి కూడా. ఓపీలో ఆ గంట ఎవరి దగ్గరా లేదు.

కండరాలు బిగుసుకుపోవడం గురించి కూడా ఇలాంటిదే ఒకటి చెప్పాలి. బిగుతు తగ్గించడానికి బాక్లోఫెన్ ఇస్తారు. బిగుతు పూర్తిగా పోతే మంచిదే కదా అని బయటివారికి అనిపిస్తుంది. కానీ కొందరికి ఆ బిగుతే కాలును నిలబెడుతుంది, మోతాదు ఎక్కువైతే నిలబడగలిగే మనిషి కూలబడతాడు. పోనీ అని ఒక్కసారిగా మాత్రలు మానేస్తే ఫిట్స్ రావచ్చు. ఆ మనిషి నిన్న ఎలా నడిచాడో, ఈరోజు ఎలా నడుస్తున్నాడో చూసినవారు మాత్రమే మోతాదు విషయంలో డాక్టరుకు సరైన సలహా ఇవ్వగలరు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. బ్రిటన్‌లో 1990ల నుంచీ ఎంఎస్ ప్రత్యేక నర్సులు పనిచేస్తున్నారు. వైద్య ప్రమాణాలు నిర్దేశించే అక్కడి నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం, జబ్బు నిర్ధారణ అయిన ఆరు వారాల్లోగా రోగిని మళ్లీ పిలిచి మాట్లాడాలి, అతని సంరక్షణను సమన్వయం చేసే వ్యక్తి ఒకరు ఉండాలి. ఒక పూర్తికాల నర్సు 315 మంది రోగులను చక్కగా చూసుకోగలదని అక్కడి ఎంఎస్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ లెక్క వేసింది. ఐరోపాలో ఎంఎస్ నర్స్ ప్రో పేరుతో ఆన్‌లైన్ శిక్షణ నడుస్తోంది.

మామూలు వార్డులకే నర్సులు చాలని పరిస్థితిలో ఒక్క జబ్బుకు ప్రత్యేక నర్సులా అని మీ ఆర్థిక విభాగం అడగవచ్చు, అడగాలి కూడా. ప్రతి ఆసుపత్రిలోనూ ఒకరు ఉండాలని నేను అనడం లేదు. రోగులు ఎక్కువగా వచ్చే న్యూరాలజీ కేంద్రానికి ఒకరు, చిన్న చోట్ల మూర్ఛ, పార్కిన్సన్స్ రోగులను కూడా కలిపి చూసే నర్సు ఒకరు ఉంటే చాలు. నర్సు ఉన్నంత మాత్రాన జబ్బు ముదరకుండా ఆగిపోతుందనీ అనడం లేదు. నా భయం ఇంకొకటి ఉంది. పోస్టు వచ్చాక ఆమె సమయమంతా ఖరీదైన మందుల పరీక్షలకే పోతే, మందులు పనిచేసే దశ దాటిపోయి, చక్రాల కుర్చీలోనో మంచం మీదో ఉంటూ ఆసుపత్రికి రావడం మానేసిన వారిని అడిగేవారు ఉండరు. ఒంటి మీద పుండ్లు పడకుండా ఎటు తిప్పి పడుకోబెట్టాలో, మింగడం కష్టమైనప్పుడు ఎవరిని కలవాలో తెలియక వారి ఇంటివాళ్లు అల్లాడుతుంటారు. ఉత్తర్వు రాసేటప్పుడే ఆమె వారంలో కొంత సమయాన్ని వారి కోసం కేటాయించండి.

కాబట్టి ఆ ఉత్తర్వులో ఇవి ఉండాలని నా ప్రార్థన. పోస్టుకు విడిగా హోదా, శిక్షణ ఉండాలి. సాధారణ బదిలీల నుంచి మినహాయింపు ఉండాలి. రక్త, మూత్ర పరీక్షలు తానే రాసే అధికారం ఇవ్వాలి. పగటి వేళల్లో రోగులు మాట్లాడగల ఒక ఫోను ఉండాలి. ఆమె సెలవులో ఉన్నప్పుడు ఆ ఫోను ఎత్తే రెండో మనిషి కూడా ఉండాలి, లేకపోతే అదీ ఆ నోటు పుస్తకంలాగే అయిపోతుంది.

దీని మీద మీ అధికారులు రోగుల మాట వినదలచుకుంటే నేనూ, నాతోపాటు మందు ఎక్కించుకునే మరికొందరూ రావడానికి సిద్ధంగా ఉన్నాం. వీలైతే ఉదయం పూట పిలిపించండి, మధ్యాహ్నం దాటాక నా కాళ్లు నా మాట వినవు.

భవదీయురాలు,
ఒక ఎంఎస్ రోగి