సంక్రాంతి సెలవులొస్తున్నాయి, మీకు విశ్రాంతి దొరుకుతుందా?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల అయిదో తరగతి పిల్లలతో 'మా ఇంట్లో సాయంత్రం' గురించి పది వాక్యాలు రాయించాం. ఒక పాప ఇలా రాసింది: "అమ్మ ఆఫీసు నుంచి వచ్చాక కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. అమ్మ ఫ్యాన్ కింద కూర్చుని గోడ వైపు చూస్తుంది. తర్వాత కుక్కర్ పెడుతుంది." అందులో ఫిర్యాదేమీ లేదు. రోజూ చూసేది చూసినట్టు రాసింది, అంతే. ఆ పేజీ వాళ్ళమ్మగారికి చూపించాను. చదివి చాలాసేపు మాట్లాడలేదు. ఇక్కడ దాని గురించి రాయనా అని అడిగితే, "రాయండి మేడమ్, నాలాంటి వాళ్ళు ఇంకా ఉంటారు" అన్నారు.

ఉన్నారు. మన విశాఖ స్టీల్ ప్లాంట్‌లో వారానికో షిఫ్ట్ మారే తండ్రులు, పరవాడ, అచ్యుతాపురం వైపు కంపెనీ బస్సెక్కి చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాళ్ళు, రుషికొండ ఐటీ కంపెనీల్లో అమెరికా వేళలకు పనిచేసేవాళ్ళు, నైట్ డ్యూటీ నర్సులు. మంచాన పడ్డ అత్తగారిని చూసుకుంటూ ఇద్దరు పిల్లల్ని పెంచే తల్లులు కూడా. వీళ్ళని "ఏం చేస్తుంటారు?" అని అడిగితే "ఏమీ లేదండీ, ఇంట్లోనే" అంటారు.

అలిసిపోవడం వేరు, బర్నౌట్ వేరు. అలసట ఆదివారం నిద్రతో తీరుతుంది. బర్నౌట్ తీరదు. ఈ మాటను 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు న్యూయార్క్‌లోని ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాళ్ళ గురించి వాడాడు. వాళ్ళు పని ఎగ్గొట్టే బాపతు కాదు, ప్రాణం పెట్టి పనిచేసేవాళ్ళు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మూడు గుర్తులు చెప్పింది. ఒంట్లో సత్తువ అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా సరిగ్గా చేయలేకపోతున్నానన్న భావన. దీన్ని జబ్బుగా లెక్కించలేదు, ఉద్యోగంలో ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది.

ఇందులో రెండోదాన్ని మనం ఎక్కువగా గుర్తుపట్టం. నా సంగతే చెబుతాను. కొన్నేళ్ళ క్రితం వేరే స్కూల్లో పదో తరగతి లెక్కలు చెబుతూ, పరీక్షల బాధ్యత, టైంటేబుల్ బాధ్యత కూడా మోస్తూ ఉండేదాన్ని. ఏడాదంతా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించిన ఒక అబ్బాయి పాసై మిఠాయి పట్టుకొచ్చాడు. ఆ డబ్బా తీసుకుని సొరుగులో పెట్టి మళ్ళీ రిజిస్టర్ రాసుకున్నాను. సంతోషం లేదు, బాధ లేదు. వాడు కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. వాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ఆ వేసవిలో మా అక్క వాళ్ళింటికి వెళ్ళి పది రోజులు పడుకున్నాను. బడి తెరిచిన రోజు మధ్యాహ్నానికే మళ్ళీ అదే స్థితి. సెలవు వల్ల నేను మారలేదు, ఎందుకంటే సెలవు అయ్యాక నా కోసం ఎదురుచూస్తున్న పని మారలేదు. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళితే రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగా తక్కువని తేలింది. దానికి మందులు వాడాను. మీరూ ముందు ఆ పని చేయండి. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బీ12 తక్కువ కావడం కూడా అచ్చం ఇలాంటి నీరసాన్నే తెస్తాయి. రెండో పని నాకు కష్టమైంది. టైంటేబుల్ బాధ్యత వేరొకరికి ఇవ్వమని అడగాలి. సిగ్గనిపించింది, అయినా అడిగాను. మళ్ళీ క్లాసులో పిల్లల అల్లరి చూసి నవ్వు రావడానికి ఆరు నెలలు పట్టింది. అందుకే, రెండు వారాల్లో తేరుకోలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు.

ఇది ఆఫీసుల్లోనే వస్తుందనుకోకండి. బెల్జియంలో ఇసబెల్ రోస్కం, మొయిరా మికొలాజాక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు తల్లిదండ్రుల బర్నౌట్ మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు. వాళ్ళు చెప్పే లక్షణాల్లో ఒకటి చదివి నేను ఆగిపోయాను: పిల్లలకు అన్నం, స్నానం, హోంవర్కు అన్నీ జరుగుతాయి, కానీ ప్రేమగా దగ్గరికి తీసుకునే శక్తి మిగలదు. "ఒకప్పుడు నేనిలా ఉండేదాన్ని కాదు" అనే బాధ వెంటాడుతుంది. అలాంటివారు చెడ్డ తల్లులు కారు, చెడ్డ తండ్రులు కారు. మోయగలిగినదాని కంటే బరువు ఎక్కువైంది.

తండ్రులకు ఒక్క మాట. "ఏం సాయం చేయమంటావు చెప్పు" అని అడిగితే, చెప్పే పని మళ్ళీ ఆమె మీదే పడుతుంది. ఏదో ఒక పని పూర్తిగా మీరే తీసుకోండి. బడి డైరీ అయితే సంతకం, ఫీజు తేదీ, యూనిఫాం, రేపటి చార్టు పేపరు అన్నీ మీ తలలోనే ఉండాలి.

మా వైపు నుంచి కూడా బరువు తగ్గించాలి. జనవరి నుంచి రాత్రి 7 దాటాక క్లాస్ వాట్సాప్ గ్రూపుల్లో టీచర్లు మెసేజ్ పెట్టరు. పెద్దవాళ్ళే రాత్రి కూర్చుని చేయాల్సి వచ్చే థర్మోకోల్ మోడళ్ళు ఇంటికి ఇవ్వం, అవి బడిలోనే పిల్లలతో చేయిస్తాం, ఎంత వంకరగా వచ్చినా సరే. తల్లిదండ్రుల సమావేశం ఇకపై ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఉంటుంది. షిఫ్టును బట్టి రండి.

ఇక పండగ. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడి, ఊరెళ్ళి, ఇంటిల్లిపాదికీ అరిసెలు, పోకుండలు వండి, తిరిగొచ్చిన మర్నాడే డ్యూటీకెక్కితే దాన్ని సెలవు అనలేం. ఈసారి ఒకరోజు ముందే తిరిగిరండి. పిల్లలకు సెలవు హోంవర్కు ఇవ్వడం లేదు కాబట్టి ఆ రోజు మీదే. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపుతారు, ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళండి.

నిద్ర పట్టకపోవడం, ఏడుపు, ఏ పని మీదా ఆశ లేకపోవడం రెండు వారాలు దాటితే అది బర్నౌట్ కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులోనే. మన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాని పేరు పిల్లల ముందు వెక్కిరింతగా వాడకండి. రేపు ఆ గుమ్మం ఎక్కాల్సిన అవసరం మనలో ఎవరికైనా రావచ్చు.

నాతో మాట్లాడాలనుకుంటే పిల్లల డైరీలో 'కలవాలి' అని ఒక్క మాట రాయండి, కారణం అక్కర్లేదు. బుధవారం మధ్యాహ్నం మూడున్నర నుంచి అయిదు వరకు ఆఫీసు రూములో ఒక్కదాన్నే ఉంటాను. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాళ్ళు ఉదయం ప్రార్థన అయ్యాక రావచ్చు. టీ ఉంటుంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు